కొయ్య ఆరేదాకా కంతు ఆగదు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో వేప, చింత, పనస కొయ్య ఉంది. ఉలి పట్టే చేతులూ ఉన్నాయి. ఇంటి దగ్గరే కొట్టం వేసుకుని మంచాలు, బల్లలు, బీరువాలు చేయాలనుకునే వడ్రంగులకు చేయూత అవసరం.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయల సాయం, 5 శాతం వడ్డీపై తొలి విడతగా లక్ష రూపాయల వరకు అప్పు ఇందులో ఉన్నాయి. మంచిదే. రంపం, చిత్రిక, ఉలులు, సానరాయి సమకూరుతాయి. కానీ చిక్కు కొయ్య దగ్గరే ఉంది.

పచ్చి కొయ్యతో చేసిన సామాను ఎండాకాలం రాగానే పగులుతుంది, వంకర పోతుంది. దానితోపాటే వడ్రంగి పేరూ పోతుంది. కోయించిన పలకలను నేలకు జానెడు ఎత్తున, మధ్య మధ్య సన్న బద్దలు పెట్టి, నీడలో గాలి ఆడేలా పేర్చాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరాలన్నది పాత లెక్క. తొలి విడత అప్పేమో 18 నెలల్లో తీరాలి. కొయ్య ఆరేదాకా కంతు ఆగుతుందా?

అందుకే కొత్తగా కొట్టం పెట్టేవారు మొదటి ఏడాది మరమ్మతులు, ఆరిన కొయ్యతో పీటలు, స్టూళ్ల వంటి చిన్న పనులు చేస్తూ, పెద్ద పనులకు కొయ్య నిల్వ చేసుకోవడం మేలు. ఆ నిల్వకు పేదవాని ఇంట చోటు ఉండదు. మండలానికొక ఉమ్మడి కొయ్య కొట్టం కట్టించే విషయం అధికారులు ఆలోచించాలి. పనిముట్లు ఇచ్చి కొయ్యను మరిస్తే సాయం సగమే అవుతుంది.