ప్రాజెక్టు కొనకండి, ఒక్క లైబ్రరీ బిల్డ్ చేసి చూడండి

పోస్టు కొంచెం పొడుగే, ఓపికతో చదవండి.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో మన తండాల పిల్లలు మస్తు మంది చదువుతున్నరు. ఫైనల్ ఇయర్ రాంగనే చానామంది అమీర్‌పేట పోయి ప్రాజెక్టు కొనుక్కొస్తరు. నేనూ కొన్న. మా బాపు పత్తి అమ్మిన పైసలవి. వైవాలో "జావా నుంచి డేటాబేస్‌కు కనెక్షన్ ఎట్ల పోతది?" అని అడిగితే నోరు పెగల్లేదు. తర్వాత ఇంటర్వ్యూలో గూడా అదే ప్రశ్న, అదే మౌనం.

అందుకే చెప్తున్న, ఆ పైసలు ఇంట్లోనే ఉండనియ్యండి. హెచ్2 అనే డేటాబేస్ ఉంది. థామస్ ముల్లర్ మొదలుపెట్టిండు, 2005లో బయటికొచ్చింది. మొత్తం జావాలోనే రాసిండ్రు. ఓపెన్ సోర్స్ కాబట్టి సోర్స్ అంతా గిట్‌హబ్‌లో ఉచితం. తయారైన జార్ ఫైల్ కొన్ని ఎంబీలే. ల్యాబ్‌లో ఒరాకిల్ ఎక్కించి సిస్టం ఆగిపోయే బాధ దీనితోని లేదు.

కావాల్సింది గిట్, జేడీకే. జేడీకే 11 గానీ ఆపైది గానీ ఉండాలె. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇయ్యకపోతే జేడీకే జిప్ ఫైల్ తెచ్చి విప్పుకోండి, నడుస్తది. సోర్స్ క్లోన్ చేసి, లోపలున్న హెచ్2 ఫోల్డర్‌లోకి పోయి, విండోస్‌లో 'బిల్డ్ జార్' అని కొట్టాలె. మావెన్ అక్కర్లేదు, బిల్డ్ చేసే ప్రోగ్రామ్ గూడా జావాలోనే రాసి ఉంది. మొదటిసారి కొన్ని జార్‌లు నెట్ నుంచి దించుకుంటది. నాకు జావా హోమ్ తప్పు పెట్టుకున్నందుకు ఎన్నిసార్లు ఫెయిలైందో! చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసినంత పని అయింది.

బిల్డ్ అయితే అక్కడ ఆగొద్దు. టేబుల్ లేనప్పుడు వచ్చే ఎర్రర్ మాట 'రెస్' అనే ఫోల్డర్‌లో మెసేజ్‌ల ఫైల్‌లో ఉంటది. దాంట్లో మీ తండా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి మళ్లీ బిల్డ్ చేయండి. లేని టేబుల్‌ను అడగండి. మీ ఊరి పేరు స్క్రీన్ మీద కనపడ్డప్పుడు భయం సగం పోతది. ఆ తర్వాత జేడీబీసీ కనెక్షన్ క్లాస్ తెరిచి ఒక్కో మెథడ్ చదవండి. నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉండె.

"కంపెనీలు స్ప్రింగ్ బూట్ అడుగుతయి, ఇదెవడు అడుగుతడు?" అని సీనియర్లు అంటరు. స్ప్రింగ్ బూట్ నేర్చుకునేటోళ్లు టెస్టింగ్‌కు మొదట పెట్టుకునేది చానాసార్లు హెచ్2నే అన్నా! ల్యాప్‌టాప్ లేదన్న మాట మాత్రం నిజమే, దానికి నేను ఎదురు చెప్పలేను. శనివారం ల్యాబ్ తెరిచి ఉంచాలని నలుగురు కలిసి హెచ్ఓడీకి కాగితం పెట్టండి. ఆడపిల్లల హాస్టల్‌లో నెట్ అందనోళ్లకు సోర్స్, దానికి కావాల్సిన జార్‌లు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇయ్యండి.

ఎక్కడన్నా ఆగిపోతే ఎర్రర్ మొత్తం ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, కింది లైన్ ఒక్కటే కాదు.