క్రియాటినిన్ సరే, దాని అర్థం చెప్పేదెవరు?

ఉద్దానంలో అక్షరం రాని ముసలమ్మ నోట కూడా పలికే ఇంగ్లీషు మాట ఒకటున్నది. అది క్రియాటినిన్. ఇచ్ఛాపురం మొదలు వజ్రపుకొత్తూరు వరకు కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో, బస్సు స్టాండులో నలుగురు కలిసినచోట పంట సంగతి, పిల్లల సంగతి అయ్యాక వచ్చే ప్రశ్న ఇదే. "నీకెంత వచ్చింది మావా?" అంటే "రెండు పాయింటు నాలుగు" అని జవాబు వస్తుంది. అంకె అందరికీ తెలుసు. అది ఏమి చెబుతున్నదో తెలిసినవారు మాత్రం తక్కువ.

ఈ లోపం జనానిది కాదు. రక్తం తీస్తున్నారు, కాగితం చేతికిస్తున్నారు. ఆ కాగితం మీద చూడబోతే అంతా ఇంగ్లీషే. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైనాయి. యంత్రాలు ఊరి దగ్గరకు వచ్చాయి. వాటి మాటలు విప్పి చెప్పే ఏర్పాటు మాత్రం రాలేదు.

క్రియాటినిన్ అనేది రోగం పేరు కాదు. కండలు పనిచేయగా రక్తంలో చేరే ఒక వ్యర్థ పదార్థం. కిడ్నీలు దానిని వడపోసి మూత్రంలో పంపివేస్తాయి. వడపోత మందగిస్తే అది రక్తంలో నిలవపడుతుంది. మగవారిలో సుమారు 1.2 దాటితే, ఆడవారిలో అంతకంటే కొంచెం తక్కువకే డాక్టర్లు అనుమానిస్తారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. కిడ్నీల శక్తి దాదాపు సగం పోయేవరకు ఈ అంకె పెద్దగా కదలకపోవచ్చు. కండపట్టిన పాతికేళ్ల కూలీకి, బక్కచిక్కిన అరవై ఏళ్ల అమ్మకు ఒకే అంకె వచ్చినా ఇద్దరి కిడ్నీలూ ఒకే తీరుగా ఉన్నట్టు కాదు. ఆ అమ్మవి ఎక్కువ దెబ్బతిని ఉండవచ్చు. అందుకే కొన్ని కాగితాల్లో ఇ.జి.ఎఫ్.ఆర్. అని మరొక అంకె వేస్తారు. వయసు, ఆడా మగా తేడా చూసి కట్టే వడపోత లెక్క అది. క్రియాటినిన్ పెరిగితే చెడు, ఇది తగ్గితే చెడు. ఈ ముక్క చెప్పకుండా రెండు అంకెలూ చేతిలో పెడితే ఎంత చదువుకున్నవాడికైనా తికమక తప్పదు.

"నార్మల్" అనే మాట ఇంకా ప్రమాదకరం. అది ఒకసారి చెవిన పడితే చాలు, మళ్లీ పరీక్ష వంక చూడనివారు ఉన్నారు. ఆ రోజు, ఆ పరీక్షలో తేడా కనబడలేదని మాత్రమే దాని అర్థం. మూత్ర పరీక్షలో వేసే ప్లస్సులదీ ఇదే కథ. బడిలో ప్లస్ అంటే కలిసిరావడం. ఇక్కడ ఆల్బుమిన్ ఎదుట ప్లస్ అంటే ఒంట్లో ఉండవలసిన ప్రోటీను మూత్రంలో పోతున్నదని. ప్లస్సులు పెరిగేకొద్దీ పోయేది ఎక్కువ. పోనీ "నిల్" అని ఉంటే గండం గడిచినట్టా అంటే, అదీ కాదు. ఉద్దానంలో కనిపించే జబ్బులో చాలామందికి ప్రోటీను పోవడం తక్కువగానే ఉంటుంది. అందుచేత మూత్రం, రక్తం రెండూ చూపించుకోవలసిందే.

"క్రానిక్" అనగానే ముదిరిపోయిందని ఇంటిల్లిపాదీ బెంబేలు పడతారు. చాలాకాలంగా ఉన్నదని, త్వరగా పోయేది కాదని మాత్రమే ఆ మాటకు అర్థం. మూడో స్టేజీ అంటే క్యాన్సర్ గుర్తుకు వస్తుంది. కిడ్నీ జబ్బులో స్టేజీలు ఐదు. మూడో స్టేజీలో ఉన్నవారు బీపీ అదుపులో పెట్టుకుని, మందులు వాడుతూ ఏళ్ల తరబడి తమ పని తాము చేసుకోవచ్చు. డయాలసిస్ మాట సాధారణంగా ఐదో స్టేజీలో వస్తుంది. ఇంతమాత్రం చెప్పే దిక్కులేక భయపడి ఆసుపత్రి మానేసి పసరు మందుల వెంట పడితే, ఉన్న వడపోత కూడా పోయే ప్రమాదమున్నది.

డయాలసిస్ "ఒకసారి ఎక్కితే ఇక దిగడం లేదు" అనే మాట సగమే నిజం. పాముకాటు వల్లనో, వాంతులు విరేచనాల వల్లనో కిడ్నీలు హఠాత్తుగా ఆగిపోయినవారిలో చాలామందికి కొన్నిసార్లు చేశాక అవసరం తీరిపోవచ్చు. క్రానిక్ జబ్బు చివరికి వచ్చినవారికి మాత్రం కిడ్నీ మార్పిడి జరిగేవరకు మామూలుగా వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు తప్పదు. వారికి చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టేదాన్ని ఫిస్టులా అంటారు. ఆసనం దగ్గర పుట్టే రోగాన్నీ ఫిస్టులా అనే అంటారు. పేరొకటే, సంగతి వేరు. ఆ చేతికి సూదులు వేయించరాదు, బీపీ పట్టీ చుట్టించరాదు. చేయి చాచేముందు నర్సమ్మకు ఈ సంగతి రోగే చెప్పాలి.

అన్నిటికంటే ఖరీదైన మాట "పెయిన్ కిల్లర్". దింపు తీసిన ఒళ్లు, జీడి ఏరిన నడుము రాత్రికి సలుపుతాయి. కొట్టులో నొప్పి గోలీ దొరుకుతుంది. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఇబుప్రోఫెన్ ఈ రకానివే. కిడ్నీ నీరసించినవారికి ఇవి మరింత చేటు. గోలీ రంగు మారినా, కంపెనీ మారినా లోపలి మందు అదే కావచ్చు. "మీరు నొప్పి గోలీలు వాడుతున్నారా?" అని పచ్చి తెలుగులో అడిగితే నిజం బయటపడుతుంది. ఇంగ్లీషు పేరు పెట్టి అడిగితే "లేదు బాబూ" అనే జవాబే వస్తుంది.

తెలుగు కావాలన్నారు గదా అని "మూత్రపిండముల దీర్ఘకాలిక వైఫల్యము" అని బోర్డు రాయించడం మరో విడ్డూరం. కిడ్నీ, బీపీ, షుగరు ఏనాడో తెలుగు మాటలైపోయాయి. పరగడుపు, ఆయాసం, కాళ్లు పొంగడం, కడుపులో దేవడం అనేవి మొదటినుంచీ మనవే. కొత్తగా వచ్చే చిన్న డాక్టర్లు ముందు ఈ మాటలు నేర్చుకుంటే సగం పని అయినట్టే.

అడగడం రోగి హక్కు కూడా. రోగి కోరితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో చేర్చారు. అర్థం కూడా తెలుగులో చెప్పాలని ఆ నిబంధనల్లో రాయలేదు. రాయనక్కరలేకుండానే చేయవచ్చు. కాగితం వెనుక రెండు ముక్కలు రాయడానికి, చెప్పినదాన్ని రోగి చేత ఒకసారి తిరిగి చెప్పించడానికి కొత్త జీవో ఏమీ అక్కరలేదు. రోగులు కూడా పాత కాగితాలన్నీ ఒక సంచిలో దాచి ప్రతిసారీ తీసుకువెళ్లాలి. పోయినసారికి ఇప్పటికి తేడా ఎంత, ఏ గోలీలు మానాలి, మళ్లీ ఎన్నాళ్లకు రావాలి అని అడిగి తెలుసుకున్నాకే కుర్చీలోంచి లేవాలి.