ఊరికే ఇస్తున్నారంటే...

గురువారం రాత్రయితే చాలు, మా మేనల్లుడు కంప్యూటర్ ముందు నుంచి కదలడు. పరీక్ష ఫలితాల కోసమేమో అనుకున్నాను. కాదట! ఎపిక్ గేమ్స్ స్టోర్ వారం వారం ఉచితంగా ఇచ్చే గేమ్ కోసమట. అలా తీసుకున్నవాటిలో సగం తెరిచి కూడా చూడలేదు మావాడు.

ఇంతకీ ఊరికే ఎందుకిస్తున్నట్టు? అలవాటు చేయడానికి. కంప్యూటర్ గేముల అమ్మకాల్లో పెద్దన్న 'స్టీమ్'. అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2003లో ప్రారంభించింది. మర్నాటి ఏడాది వచ్చిన 'హాఫ్ లైఫ్ 2' ఆడాలంటే సీడీ కొనుక్కున్నవాళ్లు కూడా స్టీమ్‌లో ఖాతా తెరవాల్సివచ్చింది. ఆ తర్వాత గేమ్ తయారుచేసిన ఎవరైనా అక్కడే అమ్ముకోవడం, అమ్మకంలో 30 శాతం స్టీమ్‌కి ఇచ్చుకోవడం మామూలైపోయింది. 2018 డిసెంబరులో ఎపిక్ వచ్చి 'మాకు 12 శాతం చాలు' అంది. అది రావడానికి కొద్దిరోజుల ముందే స్టీమ్ కూడా ఓ మెట్టు దిగింది. అమ్మకాలు కోటి డాలర్లు దాటితే 25 శాతం, ఐదు కోట్లు దాటితే 20 శాతం అని. చిన్న కంపెనీలకు మాత్రం పాత లెక్కే!

సరే, కొనేవాళ్లకేం ఒరిగింది? 2019లో 'మెట్రో ఎక్సోడస్' ఎపిక్‌కి మారినప్పుడు అమెరికాలో ధర 60 నుంచి 50 డాలర్లకు తగ్గింది. అదే ఏడాది వచ్చిన 'బోర్డర్‌లాండ్స్ 3' మాత్రం తగ్గలేదు. పైగా రెండూ కొన్ని నెలలపాటు కంప్యూటర్‌లో ఆడేవాళ్లకు స్టీమ్‌లో కొత్తగా దొరకలేదు. ఒకే వస్తువు రెండు కొట్లలో ఉంటేనే కదా బేరమాడేది!

అసలు చిక్కు వేరే ఉంది. స్టీమ్‌లో కొన్న గేముని ఎపిక్‌కి మార్చుకోలేం. ఆడేశాక తమ్ముడికి ఇవ్వలేం, అమ్ముకోలేం. మనం కొనేది గేముని కాదు, ఆడుకునే అనుమతిని. 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చిన కాలిఫోర్నియా చట్టం ఈ సంగతి కొనేముందే చెప్పి తీరాలంటోంది. 'గాగ్' అనే దుకాణం మాత్రం గేముని పూర్తిగా డౌన్‌లోడ్ చేసుకుని దాచుకోనిస్తుంది.

మంచి సదుపాయాలూ లేకపోలేదు. 2015 నుంచి స్టీమ్‌లో రూపాయల్లోనే ధర చూసి కొనుక్కోవచ్చు. నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటల్లోపే ఆడివుంటే డబ్బు వాపసు అడగొచ్చు. ఎపిక్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి.

ఇవన్నీ మావాడికి చెప్పబోతే 'తెలుసులే మామయ్యా, తొమ్మిదవుతోంది, ఒక్క నిమిషం' అంటూ మౌస్ అందుకున్నాడు.