రక్తపరీక్ష చెప్పేదెంత, చెప్పనిదెంత?

చర్లపల్లి, నాచారం, మల్లాపూర్, ఉప్పల్ ప్రాంతాల సంఘాలలో పారిశ్రామికవాడలను నమ్ముకొని బ్రతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వెల్డింగు పని చేసేవారు, లారీలు నడిపేవారు, షెడ్లలో ప్యాకింగు పనికి వెళ్లే తల్లులు ఉన్నారు. వారాల తరబడి దగ్గు తగ్గకపోతే వీరికి మొదట వచ్చే అనుమానం టీబీ. పైకి అనడానికి భయపడే రెండో అనుమానం క్యాన్సర్. ఆ భయాన్ని ఆసరా చేసుకొనే "క్యాన్సర్ మార్కర్ ప్యాకేజీ"ల ప్రకటనలు ఇప్పుడు ఫోన్లలోకి వస్తున్నాయి. కాస్త రక్తం ఇస్తే చాలు, జబ్బు వస్తుందో రాదో తేలిపోతుందన్నట్టుగా అవి చెబుతాయి. సంఘంలో వైద్య శిబిరం పెట్టే పెద్దలు ఈ మాటను నమ్మే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

మార్కర్ అంటే గుర్తు. రక్తంలో ఈ గుర్తులు రెండు రకాలు. ఒకటి, తల్లిదండ్రుల నుంచి వచ్చి జీవితాంతం మారకుండా ఉండే జన్యువుల తేడాలు. రెండు, శరీర స్థితిని బట్టి పెరుగుతూ తరుగుతూ ఉండే ప్రొటీన్లు, విటమిన్లు, వాపును తెలిపే పదార్థాలు. మొదటిది ముప్పు ఎవరికి ఎక్కువో సూచిస్తుంది. రెండవది శరీరంలో ఏదో జరుగుతోందని సూచిస్తుంది. రెండూ సూచనలే గాని తీర్పులు కావు.

ముందుగా జన్యువుల సంగతి చూద్దాం. 2008లో మూడు పరిశోధక బృందాలు 15వ క్రోమోజోములో ఒకేచోట ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో సంబంధమున్న తేడాను కనుగొన్నాయి. నికోటిన్‌ను పట్టుకొనే గ్రాహకాల జన్యువులు అక్కడే ఉన్నాయి. ఆ తేడా తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చినవారికి ముప్పు సుమారు 1.8 రెట్లు ఉంటుందని వాటిలో ఒక బృందం లెక్కగట్టింది. సిగరెట్ తాగేవారికి ముప్పు 15 నుంచి 30 రెట్లని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతోంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పుట్టుకతో వచ్చిన తేడా కంటే చేతిలో ఉన్న సిగరెట్ ఎన్నో రెట్లు ప్రమాదకరం. "మా వంశంలో లేదు, నాకేం కాదు" అనేవారూ, "మా వంశంలో ఉంది, ఇక తప్పదు" అనేవారూ ఇద్దరూ పొరబడుతున్నట్టే.

ఇక ప్రొటీన్లు, విటమిన్ల విషయంలో వైద్యలోకం ఒక గట్టి పాఠం నేర్చుకుంది. రక్తంలో బీటా కెరోటిన్ తక్కువగా ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వస్తున్నట్టు వెనుకటి పరిశోధనల్లో కనిపించింది. క్యారెట్టు, బొప్పాయి, ఆకుకూరల్లో ఉండే పదార్థమిది. అయితే మాత్రల రూపంలో ఇస్తే సరిపోతుంది కదా అనుకున్నారు. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే పురుషులపై పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. ఆ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది! అమెరికాలో పొగతాగేవారికీ, ఆస్బెస్టాస్ మధ్య పనిచేసినవారికీ బీటా కెరోటిన్‌ను విటమిన్ ఎ తో కలిపి ఇస్తే 28 శాతం ఎక్కువైంది. 1996 జనవరిలో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. రక్తంలో కనిపించిన గుర్తు నిజమే. కానీ అది రోగానికి కారణం కాదు. కూరలు తినడం మేలు. కూరల్లోని ఒక పదార్థాన్ని మాత్రగా మింగి పొగ తాగుతూ ఉండడం కీడు.

ఆ అమెరికా ప్రయోగంలో భద్రపరచిన రక్తమే తరువాత మరో విధంగా ఉపయోగపడింది. పొగతాగే అలవాటు ఉన్నవారి రక్తంలో నాలుగు ప్రొటీన్లను కొలిచి, ఏడాదిలోపు క్యాన్సర్ బయటపడే వారిని ముందే గుర్తించవచ్చునా అని పరిశోధకులు చూశారు. ఫలితాలు 2018లో ప్రచురించారు. పొగ అలవాటు వివరాలు మాత్రమే చూస్తే నూటికి 43 మంది రోగులు దొరికారు. ప్రొటీన్లను కూడా కలిపితే 63 మంది దొరికారు. ఇది మంచి ముందడుగే. అయినా మిగిలిన 37 మంది తప్పిపోయారు. పైగా దీనిని సరిచూసింది ఐరోపాకు చెందిన 63 మంది రోగులు, 90 మంది రోగం లేనివారి రక్తంతో. మన ప్రజల మీద ఈ అంకెలు ఇలాగే ఉంటాయని అనుకోలేము.

మరి ప్యాకేజీలలో అమ్మే సీఈఏ వంటి పరీక్షల మాటేమిటి? అది ఆ నాలుగు ప్రొటీన్లలో ఒకటి. క్యాన్సర్ లేకపోయినా పొగతాగేవారిలో అది పెరగవచ్చు. క్యాన్సర్ ఉన్నా మామూలుగానే ఉండవచ్చు. చికిత్స జరుగుతున్న రోగి విషయంలో వైద్యులకు అది పనికివస్తుంది. ఏ లక్షణమూ లేనివారికి చేస్తే ఒక కుటుంబాన్ని అప్పుల్లోకి, భయంలోకి తోయవచ్చు. మరో కుటుంబానికి తప్పుడు ధైర్యం ఇవ్వవచ్చు. ఈ రెండో నష్టమే పెద్దది. రిపోర్టు బాగుందని ఇంటికి వెళ్లినవాడు దగ్గును పట్టించుకోడు.

ఎన్నడూ బీడీ ముట్టని స్త్రీలకు కూడా ఈ జబ్బు వస్తోంది. బయటి గాలి కాలుష్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో ప్రకటించింది. పీఎం 2.5 అనే సన్నని ధూళి ఊపిరితిత్తులలో వాపు పుట్టించి, అప్పటికే జన్యు మార్పు ఉండి నిద్రాణంగా ఉన్న కణాలను మేల్కొల్పుతుందని 2023లో ఒక ముఖ్యమైన పరిశోధన చూపించింది. ఈ ధూళి సగటు ఏడాదికి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దేశంలో అనుమతించిన పరిమితి 40. నాచారంలో, ఈసీఐఎల్ కాప్రాలో కాలుష్య నియంత్రణ మండలి గాలిని కొలిచే కేంద్రాలు పెట్టింది. జన్యువులను చదివే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి సంస్థలు కూడా ఈ ఉప్పల్ దారిలోనే ఉన్నాయి. రక్తంలో గుర్తులు వెదకడం ఎంత అవసరమో, ఆ రక్తంలోకి చేరే గాలిని అడగడం అంతే అవసరం.

కాబట్టి సంఘాలు ఏమి చేయాలి? శిబిరంలో మార్కర్ ప్యాకేజీలు అమ్మనివ్వకండి. దాని బదులు మూడు ప్రశ్నలు అడగండి: రెండు వారాలు దాటిన దగ్గు ఉందా? కఫంలో రక్తం పడిందా? కారణం లేకుండా బరువు తగ్గారా? ఉన్నవారికి ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. టీబీ మందులు వాడుతున్నా దగ్గు తగ్గకపోతే అక్కడితో ఆగకుండా సీటీ స్కాన్ అవసరమా అని వైద్యుని అడగాలి. ఎర్రమంజిల్ దాటితే నిమ్స్ ఉంది, రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఏళ్ల తరబడి ఎక్కువగా పొగ తాగినవారికి తక్కువ మోతాదు సీటీ స్కాన్ చేస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని అమెరికాలో 53 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన 2011లో చూపింది. అది తమకు తగునో లేదో వైద్యుడే చెప్పాలి. మానాలనుకునేవారికి 1800-112-356 అనే ఉచిత ఫోను సహాయం ఉంది.

చివరిగా ఒక మాట. పుట్టు గ్రుడ్డివానిని చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయంలో చదువుతాము. ప్రభువు ఆ లెక్కను ఒప్పుకోలేదు. క్యాన్సర్ అని తెలిసిన ఇంటికి వెళ్లినప్పుడు మనమూ ఆ ప్రశ్న అడగవద్దు. బీడీ తాగేవాడా, వంశంలో ఉందా అని గుసగుసలాడితే రేపు మరొకరు తన దగ్గును దాచుకుంటారు. దాచుకున్న దగ్గును ఏ రక్తపరీక్షా సమయానికి పట్టుకోలేదు. ప్రార్థన చేయండి, ఆ వెంటనే ఆసుపత్రికి తోడు వెళ్లండి.