బల్బు వెలిగితే చాలదు, మోటారు తిరగాలి

కరెంటు పోతే లైన్‌మన్‌కి ఫోన్ చేస్తాం. కుళాయి రాకపోతే సర్పంచ్ ఇంటికెళ్లి అడుగుతాం. కాలవ నీళ్లు అందకపోతే లస్కర్ని పట్టుకుంటాం. మరి ఊళ్లో నెట్ పోతే ఎవర్ని అడగాలి?

మా ఊళ్లో దీనికి జవాబు లేదు. మీ ఊళ్లో ఉంటే మీరు అదృష్టవంతులు.

"నెట్ లేకపోతే కొంపలేం మునగవు, కుర్రాళ్లు సినిమాలు చూసుకోడానికే కదా" అనే పెద్దలు ఇంకా ఉన్నారు. ఒక్కసారి ఊరంతా తిరిగి చూడండి. పాలకేంద్రంలో వెన్న శాతం లెక్క డెయిరీకి చేరాలంటే నెట్ కావాలి. రేషన్ బియ్యం తూయాలన్నా, యూరియా బస్తా ఇవ్వాలన్నా ముందు మిషన్ మీద వేలిముద్ర పడాలి. కిళ్లీ కొట్లో కూడా చిల్లర బదులు ఫోన్ చూపిస్తున్నారు. ఊళ్లో వ్యాపారం అంటే ఇవే. ఇవన్నీ ఇప్పుడు ఆ సన్నటి తీగ మీదే వేలాడుతున్నాయి.

మా సంగతే చెప్తాను. మాది దుగ్గిరాల యార్డుకి పసుపు తోలే ప్రాంతం. కొమ్ములు అమ్మేకంటే పొడి కొట్టి ప్యాకెట్ కడితే నాలుగు రూపాయలు మిగులుతాయని, కొందరు రైతులం సంఘంగా కలిసి చిన్న మిల్లు పెట్టుకున్నాం. పొరుగు రాష్ట్రానికి 50 వేలు దాటిన సరుకు పంపాలంటే ఈ-వే బిల్లు ఉండాల్సిందే. పోయిన సీజన్లో హైదరాబాద్ లోడు ఎత్తాక చూస్తే నెట్ లేదు. ఫోన్లో చూద్దామంటే అది తిరుగుతూనే ఉంది. చివరికి కుర్రాడు లాప్‌టాప్ సంచిలో వేసుకుని, బండి మీద తెనాలి పోయి బిల్లు తీసుకొచ్చాడు. లారీ కదిలేసరికి చీకటి పడింది.

అది చిన్న నష్టం. గడ్డి ట్రాక్టర్ తగిలి తీగ తెగినప్పుడు మాత్రం 11 రోజులు ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే "నమోదైంది" అన్నారు, అంతే. ఆ 11 రోజుల్లో నమూనా వీడియోలు, ల్యాబ్ రిపోర్టు పంపమన్న కొత్త బేరగాడొకాయన వేరేచోట సరుకు తీసుకున్నాడు. ఆయన మనతో పోట్లాడడు, తిట్టడు. మళ్లీ ఫోన్ చెయ్యడు, అంతే. సరుకు బాగోక బేరం పోతే సరిదిద్దుకోవచ్చు. తీగ తెగి పోతే ఏం సరిదిద్దుకుంటాం?

"ఫోన్లో 4జీ ఉందిగా, ఇంకా ఈ వైరు దేనికి?" అని అడుగుతారు. లో వోల్టేజీ సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇంట్లో బల్బు వెలుగుతుంది, బోరు మోటారు మాత్రం మూలుగుతుంది. బల్బు వెలిగిందని మోటారుకి కరెంటు ఉందంటామా? టవరు సిగ్నలూ అంతే. సాయంత్రం అయ్యేసరికి ఊరంతా దాని మీదే పడతారు. వాట్సాప్ మెసేజ్ పోతుంది, సంఘం లెక్కలు పోవు. కాగితం మీద లెక్కలు కూడా అలాగే ఉంటాయి. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోడానికి 2023 జనవరి దాకా 512 కేబీపీఎస్ వేగం ఉంటే చాలు. అప్పుడు దాన్ని 2 ఎంబీపీఎస్ చేశారు. అదీ మనకి వచ్చే వేగం లెక్క. సరుకు అమ్ముకునేవాడికి ఇక్కణ్నుంచి పంపే వేగం కూడా కావాలి.

డబ్బు లేక ఇలా ఉందా అంటే అదీ కాదు. పంచాయతీలన్నిటికీ ఫైబర్ వెయ్యాలని కేంద్రం 2011 అక్టోబర్లోనే నిర్ణయించింది. 2015లో దానికే భారత్‌నెట్ అని పేరు మార్చారు. 2023 ఆగస్టులో మళ్లీ 1,39,579 కోట్లు మంజూరు చేశారు. ఈ పనులకి పెట్టే నిధి కోసం టెలికం కంపెనీలు లెక్కగట్టిన తమ రాబడిలో 5 శాతం కడతాయి. ఆ రాబడి ఎక్కడిది? మన రీచార్జులే కదా.

కొత్త ప్లాన్‌లో ఒక మంచి మాట ఉంది. తీగని ఒకే దారిన కాకుండా చుట్టూ తిప్పి రింగులా వెయ్యమన్నారు. ఒక పక్క తెగితే రెండో పక్క నుంచి వస్తుంది. పదేళ్ల నిర్వహణ కూడా అందులోనే పెట్టారు. అయితే అది పంచాయతీ దాకా లెక్క. అక్కణ్నుంచి మిల్లు దాకా, పాలకేంద్రం దాకా ఉన్న ఆఖరి అర కిలోమీటరు ఎవరిది? కాలవ కింద చివరి ఆయకట్టు రైతుకి ఈ బాధ తెలుసు. పైన నిండుగా పారుతుంది, మన మడి బీటలు తీస్తుంది.

నెట్ ఇచ్చేవాడి వైపు నుంచి కూడా చూద్దాం. ఊళ్లో 20 కనెక్షన్లుంటే, ఒక్క తెగుడు కోసం మనిషినీ బండినీ పంపడం అతనికి గిట్టదు. అందుకే విడివిడిగా అరిస్తే వినపడదు. సంఘం, పాలకేంద్రం, ఎరువుల కొట్టు, బడి కలిసి ఒకే మాట మీద కనెక్షన్లు తీసుకుందాం. తెగిన రెండు రోజుల్లో బాగుచెయ్యాలి, లేదంటే ఆ రోజుల అద్దె తగ్గించాలి అని ముందే రాయించుకుందాం.

వచ్చే గ్రామసభలో రెండు అడుగుదాం. తీగ బాగుచేసే మనిషి పేరు, నంబరు పంచాయతీ బోర్డు మీద ఉండాలి. నెట్ లేని రోజులు పంచాయతీ రిజిస్టర్లో ఎక్కాలి. రాతలో ఉన్నదాన్నే పై అధికారి చూస్తాడు.

మన వంతూ ఉంది. కోతలకి ముందే కిందికి జారిన తీగలు పైకి కట్టించుకోవాలి. గడ్డి లోడు ఎత్తు చూసుకోవాలి. జేసీబీతో బోదె తవ్వించేముందు అడగడానికి 2023 మార్చి నుంచి "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్ ఉంది, కాంట్రాక్టర్ని వాడమనాలి.

పండించడం మనకి వచ్చు. అమ్ముకోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాం. ఆ అమ్మకం నిలబడాలంటే కరెంటుకి లైన్‌మన్ ఉన్నట్టు, నెట్‌కీ ఒక మనిషి ఉండాలి. ముందు అది అడుగుదాం.