కంప్యూటర్ సనదుల నవీకరణకు అప్పులు ఎందుకు?

మదరసాలో సనదు పుచ్చుకున్నవారికి గానీ, ఉస్మానియాలో పట్టా అందుకున్నవారికి గానీ ఆ కాగితం జీవితాంతం చెల్లుతుంది. కంప్యూటర్ కంపెనీలు ఇచ్చే సర్టిఫికెట్ల సంగతి అలా కాదు. అవి పాస్‌పోర్టు వంటివి. వాటికి గడువు ఉంటుంది. నెట్‌వర్కింగులో సిస్కో కంపెనీ ఇచ్చే సి.సి.ఎన్.ఎ.కు మూడేళ్లు. అమెజాన్ క్లౌడ్ సర్టిఫికెట్లకూ, లైనక్స్‌లో రెడ్ హ్యాట్ సర్టిఫికెట్లకూ మూడేళ్లే. మైక్రోసాఫ్ట్ అసోసియేట్ స్థాయి సర్టిఫికెట్లకయితే ఏడాది మాత్రమే. గడువు దాటితే ఆ కాగితం గోడకు అలంకారంగా మిగులుతుంది.

నాంపల్లి, అబిడ్స్, మల్లేపల్లి ప్రాంతాల్లో ఈ సమస్య ఎదురుకాని ముస్లిం కుటుంబం ఉన్న వీధి అరుదు. ఒక ఇంట్లో కొడుకు ఆసుపత్రిలో కంప్యూటర్ల మరమ్మతు చూస్తుంటాడు. మరో ఇంటి అల్లుడు రియాద్‌లోనో, దోహాలోనో నెట్‌వర్క్ టెక్నీషియన్. కాంట్రాక్టు పొడిగించే వేళ యజమాని 'చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ చూపించు' అంటాడు. వెంటనే ఇంట్లో కలవరం మొదలవుతుంది. అమీర్‌పేటకు పరుగు తీస్తారు. ఎప్పుడో నేర్చుకున్న కోర్సుకే మళ్లీ మొత్తం ఫీజు కడతారు. డబ్బు లేకపోతే తల్లి గాజులు తాకట్టుకు వెళతాయి, లేదా వడ్డీకి అప్పు పుడుతుంది. ఇంత అవసరమా అని నిలబడి ఆలోచించేవారు తక్కువ. మా ఉద్దేశంలో చాలా సందర్భాల్లో అవసరం లేదు. ఎందుకో వివరంగా చూద్దాం.

ఇది కొత్త సమస్య కాదు. 1990ల చివర మన నగరంలో ఎందరో యువకులు విండోస్ ఎన్.టి. 4.0 మీద ఎం.సి.ఎస్.ఇ. చేశారు. విండోస్ 2000 వచ్చింది. పాత సర్టిఫికెట్లు 2001 చివరితో చెల్లవని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అయితే ఎన్.టి. 4.0 ముఖ్య పరీక్షలు మూడు పాసైనవారికి అదే కంపెనీ ఒక సదుపాయం కల్పించింది. నాలుగు పరీక్షలకు బదులు 70-240 అనే ఒకే పరీక్షను ఉచితంగా, ఒకే ఒక్కసారి రాసుకోవచ్చని చెప్పింది. చివరకు 2001 అక్టోబరులో, పాత సర్టిఫికెట్లు రద్దు కావని తన నిర్ణయాన్నే మార్చుకుంది. సర్టిఫికెట్ ఇచ్చిన కంపెనీ నియమాలను స్వయంగా చదివినవారికి ఈ దారి కనిపించింది. చదవనివారికి ఫీజుల రసీదులే కనిపించాయి. పాతికేళ్లు గడిచినా ఈ పాఠం మారలేదు.

ఈనాటి నియమాలే చూడండి. మైక్రోసాఫ్ట్ అసోసియేట్, ఎక్స్‌పర్ట్ సర్టిఫికెట్ల పునరుద్ధరణకు పైసా ఖర్చు లేదు. గడువుకు ఆరు నెలల ముందు నుంచి కంపెనీ వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే ఒక చిన్న పరీక్ష రాయవచ్చు. తప్పితే మళ్లీ రాయవచ్చు. అందుకు కావలసిన పాఠాలు కూడా అక్కడే ఉచితంగా ఉంటాయి. కానీ గడువు ఒక్కరోజు దాటినా ఈ అవకాశం పోతుంది. అసలు పరీక్ష డబ్బు కట్టి మళ్లీ రాయాల్సిందే. పాత ఎం.సి.ఎస్.ఇ., ఎం.సి.ఎస్.ఎ.లు మాత్రం 2021 జనవరి 31తో ముగిసిపోయాయి. వాటిని 'రెన్యూ' చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు.

సిస్కోలో సి.సి.ఎన్.ఎ. ఉన్నవారు అదే పరీక్ష మళ్లీ రాయనవసరం లేదు. పై స్థాయి పరీక్ష ఒకటి పాసైతే కింది సర్టిఫికెట్ దానంతట అదే కొత్తదవుతుంది. లేదా గుర్తింపు పొందిన కోర్సుల ద్వారా 30 క్రెడిట్లు సంపాదించినా సరిపోతుంది. అలాంటి కోర్సులు అప్పుడప్పుడు ఉచితంగా కూడా దొరుకుతాయి. అమెజాన్ పరీక్ష పాసైనవారికి తర్వాతి పరీక్ష రుసుములో సగం తగ్గింపు లభిస్తుంది. ఆ కూపన్ తమ ఖాతాలో పడి ఉన్న సంగతి గమనించకుండా పూర్తి రుసుము కట్టేవారు లేకపోలేదు. కాంప్‌టియా వారి ఎ ప్లస్, నెట్‌వర్క్ ప్లస్, సెక్యూరిటీ ప్లస్‌లను 2011 జనవరి 1కి ముందు పొందినవారికి అవి జీవితాంతం చెల్లుతాయి. తర్వాత పొందినవాటికే మూడేళ్ల గడువు. కనుక ఖర్చు పెట్టే ముందు మొదటి పని, మన కాగితం ఏ కోవలోకి వస్తుందో తెలుసుకోవడం. ఈ పనికి ఫీజు లేదు.

ఖర్చును మూడు భాగాలుగా విడదీసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఒకటి పాఠం, రెండు సాధన, మూడు పరీక్ష రుసుము.

పాఠానికి ఈరోజు కొరత లేదు. ఐ.ఐ.టి.లు, బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సి. కలిసి 2003లో ప్రారంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్.లో నెట్‌వర్కులు, క్లౌడ్, సైబర్ భద్రత మీద పూర్తి కోర్సులు ఉచితంగా వినవచ్చు. ధ్రువపత్రం కావాలనుకునేవారు మాత్రమే నామమాత్రపు రుసుము కట్టి పరీక్ష రాస్తారు. ఇవి కంపెనీ సర్టిఫికెట్లకు ప్రత్యామ్నాయం కావు, కానీ పునాదిని గట్టిపరుస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం కూడా ఇటువంటిదే. మైక్రోసాఫ్ట్, అమెజాన్, సిస్కో తమ పాఠాలలో చాలా భాగాన్ని తామే ఉచితంగా ఉంచాయి.

సాధనకూ ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. రౌటర్లు కొనకుండానే నెట్‌వర్క్ నిర్మించి చూసే 'ప్యాకెట్ ట్రేసర్'ను సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా ఇస్తారు. రెడ్ హ్యాట్ తన లైనక్స్‌ను నేర్చుకునే వ్యక్తులకు ఉచితంగా అందిస్తోంది. పాత కంప్యూటరులో కొంచెం మెమరీ పెంచుకుంటే వర్చువల్‌బాక్స్ వేసుకుని ఒకే యంత్రంలో రెండు మూడు యంత్రాలు నడపవచ్చు. క్లౌడ్ ఖాతాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఉచిత పరిమితి దాటితే బిల్లు వస్తుంది. సాధన ముగియగానే అన్నీ ఆపివేసే అలవాటు చేసుకోవాలి.

పుస్తకాలకు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ బజారు ఉండనే ఉంది. అక్కడ కంప్యూటర్ పుస్తకాలు అసలు ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. అయితే అట్ట మీద పరీక్ష సంఖ్య చూసి కొనాలి. సి.సి.ఎన్.ఎ. పరీక్ష 2020 ఫిబ్రవరి 24న మారి 200-301 అయింది. 200-125 అని ఉన్న పుస్తకం పాతది. సబ్‌నెట్టింగ్ వంటి మూల విషయాలు అందులోనూ నేర్చుకోవచ్చు గానీ, పరీక్షకు దానినే నమ్ముకోకూడదు.

మిగిలింది పరీక్ష రుసుము. నిజమైన భారం ఇక్కడే ఉంది. సి.సి.ఎన్.ఎ.కు 300 డాలర్లు, అంటే పాతిక వేల రూపాయల పైమాట. తప్పితే మళ్లీ అంతా కట్టాలి. కాబట్టి చేతిలోని డబ్బును పాఠానికి ఖర్చు చేసి పరీక్షకు అప్పు చేయడం కంటే, ఉచితంగా దొరికే పాఠాన్ని ఉచితంగా నేర్చుకుని డబ్బును పరీక్షకు దాచుకోవడం తెలివైన పని.

మరి శిక్షణ సంస్థలతో పనే లేదా? అలా అనడం న్యాయం కాదు. మొదటిసారి నేర్చుకునేవారికీ, ఒక రంగం నుంచి పూర్తిగా మరో రంగానికి మారేవారికీ మంచి ఉస్తాదు అవసరం. అటువంటివారు ముందు తక్కువ ఖర్చు చోట్లను విచారించాలి. 1978లో స్థాపించిన సెట్విన్ కేంద్రాల్లో కంప్యూటర్ కోర్సులు తక్కువ ఫీజుకే నడుస్తాయి. నాంపల్లి హజ్ హౌస్‌లోని మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ శిక్షణ పథకాల గురించి అక్కడే స్వయంగా కనుక్కోవచ్చు. ప్రైవేటు సంస్థలో చేరవలసి వస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. మీరు చెప్పే పాఠం ప్రస్తుత పరీక్షకు సంబంధించినదేనా? పరీక్ష రుసుము ఫీజులో కలిసి ఉందా? రెండు క్లాసులు విని చేరవచ్చా? మధ్యలో మానితే ఎంత తిరిగి ఇస్తారు? జవాబులను కాగితం మీద రాయించుకోండి. 'ఉద్యోగం గ్యారంటీ' అనే మాట వినిపిస్తే మరింత జాగ్రత్త పడండి.

మరొక విషయం కఠినంగానే చెప్పాలి. 'డంప్స్' పేరుతో అసలు పరీక్ష ప్రశ్నలను దొంగతనంగా అమ్ముతున్నారు. వాటిని కంఠస్థం చేసి పాసవడం నవీకరణ కాదు. పరీక్ష గదిలో అభ్యర్థి ఒక ఒప్పందాన్ని అంగీకరిస్తాడు. దానిని ఉల్లంఘించినట్టు తేలితే కంపెనీ సర్టిఫికెట్‌ను రద్దు చేస్తుంది. తేలకపోయినా, ఆసుపత్రిలో సర్వర్ ఆగిపోయిన రాత్రి ఆ కాగితం ఏ పనికీ రాదు. మనకు రాని పనిని వచ్చని చూపి జీతం పుచ్చుకోవడాన్ని ఏమనాలో మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు.

ఉచిత పాఠాలు ఎన్ని ఉన్నా పూర్తి చేసేవారెందరని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నలో నిజం ఉంది. ఒంటరిగా మొదలుపెట్టినవారు రెండో వారానికే వదిలేస్తారు. పాఠాలు ఇంగ్లీషులో ఉండడం మరో ఇబ్బంది. ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివిన పిల్లలు అక్కడే తడబడతారు. చెల్లెళ్లకు రాత్రి వేళ దూరపు క్లాసులకు వెళ్లే వీలుండదు. దీనికి విరుగుడు మన దగ్గరే ఉంది. హాఫిజ్ అయినవాడు కంఠస్థమైందని ఊరుకోడు. తోటి హాఫిజ్‌తో కూర్చుని ఒకరు వినిపిస్తే ఒకరు సరిచేస్తూ దౌర్ సాగిస్తాడు. ఆ పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. నలుగురైదుగురు ఒక బృందంగా ఏర్పడి, వారానికి రెండుసార్లు ఒకరి ఇంట్లోనో, ఫంక్షన్ హాలు ఖాళీ గదిలోనో కూర్చోవాలి. ఒకరు చదివినది మరొకరికి ఉర్దూలోనో, తెలుగులోనో చెప్పాలి. చెప్పలేని విషయం ఇంకా రానట్టే. అమ్మాయిలు ఇంటి పక్కనే ఇటువంటి బృందం ఏర్పరచుకోవచ్చు. ఉద్యోగంలో ఉన్న అన్న నెలకు ఒక్క ఆదివారం వచ్చి సందేహాలు తీర్చినా చాలు.

పెద్దలకు, సంస్థలకు కూడా మా మనవి ఉంది. శిక్షణ పథకాలు సాధారణంగా కొత్తగా నేర్చుకునే నిరుద్యోగులను దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. అది మంచిదే. కానీ ఉన్న ఉద్యోగం నిలుపుకోవడానికి సర్టిఫికెట్ కొత్తది చేసుకోవలసినవాడిని పట్టించుకునేవారు లేరు. వాడి ఉద్యోగం పోతే మరో నిరుద్యోగి పుడతాడు. కనుక ప్రభుత్వ సంస్థలు పరీక్ష రుసుములో కొంత భాగాన్ని, పాసైన తర్వాతనైనా, తిరిగి చెల్లించే ఏర్పాటు చేయాలి. మస్జిద్ కమిటీలు, మొహల్లా సంఘాలు ఒక చిన్న నిధిని ఏర్పాటు చేసి పరీక్ష రుసుమును ఖర్జె హసనగా ఇవ్వవచ్చు. జీతం వచ్చాక వాయిదాల్లో తిరిగి వచ్చే డబ్బు మరో విద్యార్థికి ఉపయోగపడుతుంది. పదిమంది రుసుముతో మొదలైన నిధి అరిగిపోకుండా ఏళ్లతరబడి నడవగలదు.

ఈ శుక్రవారం ఇంటికి వెళ్లాక పిల్లల సర్టిఫికెట్లు బయటికి తీయించండి. గడువు తేదీలను గోడ క్యాలెండరులో రాసి పెట్టండి. ఆరు నెలల వ్యవధి చేతిలో ఉన్నవాడికి దారులు చాలా ఉంటాయి. ఆరు రోజులు మిగిలినవాడికి అప్పుల దారి ఒక్కటే మిగులుతుంది.