బొమ్మకు నిగ్గు వచ్చింది... కథకు వచ్చిందా?

హెచ్‌డీ టీవీలకు పెడుతున్న ఖర్చుకు ఫలితం ఎంత?

వనపర్తి: పల్లెల్లో సైతం పాత డబ్బా టీవీలు మూలన పడ్డాయి. వాటి స్థానంలో పలుచటి తెరల టీవీలు గోడలెక్కాయి. వాటితోపాటే ‘హెచ్‌డీ’ అన్న మాట కూడా ఇంటింటికీ చేరింది. బొమ్మ అద్దంలో చూసినట్లుంటుందన్న ఆశతో కూలినాలి చేసుకునేవారు కూడా వాయిదాల మీద టీవీలు కొంటున్నారు. నెలనెలా హెచ్‌డీ చానళ్లకు అదనంగా చెల్లిస్తున్నారు. అయితే బొమ్మ స్పష్టత పెరిగినంత మాత్రాన సీరియలు గాని, సినిమా గాని మరింత రక్తి కడుతుందా అన్నది ఆలోచించవలసిన విషయం. సినిమాకు మేలు జరుగుతున్న మాట వాస్తవమే. సీరియళ్ల విషయంలో ఆ మేలు స్వల్పం. పైగా చిన్న చిన్న లోపాల వల్ల, చెల్లించిన సొమ్ముకు తగ్గ బొమ్మ తెర మీదికి రాకుండా పోయే అవకాశమూ ఉంది.

అయిదు రెట్ల చుక్కలు

టీవీ బొమ్మ అంతా చుక్కల కూర్పే. మన దేశంలో మామూలు చానళ్ల బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. మొత్తం 4,14,720. పూర్తి హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 ఉంటాయి. మొత్తం 20,73,600. అంటే సరిగ్గా అయిదు రెట్లు. కాగా, ‘హెచ్‌డీ రెడీ’ పేరిట అమ్మే 32 అంగుళాల టీవీల తెరపై సాధారణంగా 1,366కు 768 చొప్పున పదిన్నర లక్షల చుక్కలే ఉంటాయి. ఇది పూర్తి హెచ్‌డీలో సగం మాత్రమే. పెట్టె మీది అక్షరాలు చూసి కొనేవారు ఈ తేడాను గమనించడం లేదు.

దూరంతో తంటా

కంటి చూపుకూ ఒక హద్దు ఉంది. చూపు బాగున్నవారి కన్ను సైతం డిగ్రీలో అరవయ్యో వంతు కన్నా సన్నని తేడాను పట్టుకోవడం కష్టం. ఈ లెక్కన పూర్తి హెచ్‌డీ స్పష్టత కంటికి అందాలంటే తెర ఎత్తుకు మూడు రెట్ల దూరంలో కూర్చోవాలి. 43 అంగుళాల టీవీకి ఇది దాదాపు అయిదున్నర అడుగులు. 32 అంగుళాల టీవీకైతే నాలుగడుగులే. ఇంటిల్లిపాదీ కూర్చునేది ఎనిమిది, పది అడుగుల దూరంలో. పదడుగుల నుంచి చూస్తే 32 అంగుళాల తెరపై దాదాపు 450 వరుసలకు మించి కంటికి విడివిడిగా ఆనవు. మామూలు చానల్ ఇచ్చే 576 వరుసలే అక్కడ ఎక్కువన్నమాట. ప్రసారంలో బొమ్మను మరీ కుదించినప్పుడు కనిపించే గళ్లు, మసక మాత్రం దూరం నుంచి కూడా తెలుస్తాయి. హెచ్‌డీలో ఆ బెడద కొంత తగ్గుతుంది.

సినిమాకు మేలే

సినిమాను పెద్ద తెర కోసం తీస్తారు. రాత్రి దృశ్యాలు, జనసమూహాలు, దూరాన కనిపించే కొండలు, నటుల కళ్లలోని తడి మామూలు బొమ్మలో అలికినట్లవుతాయి. హెచ్‌డీలో తేరుకుంటాయి. పాత సినిమాల ఫిలింలో కూడా ఈ వివరం దాగి ఉంటుంది. నెగెటివు చెడకుండా ఉంటే దాన్ని వెలికి తీయవచ్చు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ను రంగుల్లోకి మార్చి 2010 జనవరిలో మళ్లీ విడుదల చేసిన సంగతి తెలిసిందే. మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం అంత బలంగా ఉండబట్టే, ధ్వనిని సైతం సరిదిద్దిన ఆ ప్రతిని కొత్త తరం కూడా చూడగలిగింది.

అయితే ఎప్పుడో మామూలు టీవీ కోసం టేపులకెక్కించిన ప్రతులను సాగదీసి హెచ్‌డీ అంటే ఫలితం ఉండదు. పోయిన వివరం తిరిగి రాదు. చదరానికి దగ్గరగా ఉండే పాత బొమ్మను వెడల్పాటి తెర నిండా లాగినప్పుడు రామారావు, సావిత్రి కూడా లావుగా, పొట్టిగా కనిపిస్తారు.

సీరియలుకు చెవే ముఖ్యం

సీరియళ్ల సంగతి వేరు. ఒకే హాలు, ముఖాల మీదికి పదేపదే వచ్చే కెమెరా, అంతా మాటల్లోనే నడిచే కథ. బియ్యం ఏరుతూ, కూర తరుగుతూ, పిల్లలకు అన్నం పెడుతూ వినేవారే ఎక్కువ. హెచ్‌డీలో చీర అంచు, మేకప్ పూత బాగా తెలుస్తాయి గాని అత్తాకోడళ్ల తగవులో కొత్త బలమేమీ చేరదు. పలుచటి టీవీల్లో స్పీకర్లు చిన్నవి. అవి వెనక్కో, కిందికో తిరిగి ఉంటాయి. దాంతో మాట స్పష్టంగా వినిపించదు. సీరియలు చూసే ఇంటికి హెచ్‌డీ కన్నా మంచి స్పీకరే ఎక్కువ ఉపయోగం.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ఉపగ్రహ ప్రసారాలను ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాల ప్రజలు నలుపు తెలుపు బొమ్మలోనే చూశారు. 1987-88లో ‘రామాయణ్’ వచ్చిన ఆదివారాల్లో హిందీ రానివారు కూడా టీవీ ఉన్న ఇంటి ముందు గుమికూడారు. బొమ్మ మసకేసినా కథ మసకేయలేదు.

చెల్లించే ముందు చూడాలి

హెచ్‌డీ బొమ్మ రావాలంటే టీవీ, సెట్‌టాప్ బాక్సు, చానల్, మధ్యలో వైరు నాలుగూ హెచ్‌డీవే కావాలి. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల పాత వైరు హెచ్‌డీ బొమ్మను మోయలేదు. వెడల్పు పిన్ను ఉండే హెచ్‌డీఎంఐ వైరు తప్పనిసరి. అది లేకపోతే నెలనెలా కట్టే అదనపు సొమ్ము వృథాయే. ట్రాయ్ 2017 నాటి నిబంధనల్లో చానళ్ల లెక్కకు ఒక హెచ్‌డీ చానల్‌ను రెండు మామూలు చానళ్లుగా పరిగణించింది. కాబట్టి ఒకే చానల్‌ను రెండు రూపాల్లోనూ ప్యాకేజీలో ఉంచుకున్నవారు బిల్లును ఒకసారి పరిశీలించుకోవడం మంచిది.

పెద్ద తెర ఉండి, దగ్గరగా కూర్చుని సినిమాలు, క్రికెట్ చూసేవారికి హెచ్‌డీ ఖర్చు గిట్టుబాటే. చిన్న తెరపై దూరం నుంచి సీరియళ్లు చూసే ఇళ్లకు ఆ భారం అవసరం లేదు. వైర్లు బిగించే సిబ్బంది ఈ తేడాను వినియోగదారులకు విడమరచి చెప్పవలసిన అవసరం ఎంతైనా ఉంది.